ఆరు ముక్కుల బద్లీ

"ముక్కుల పుల్ల వెడితే కరోనా వార్డుల వడేస్తరట మేడం. మావోళ్ళు రారు."

సూరత్ డిండోలిలో సాంచెల కార్ఖానా, అంటే మరమగ్గాల షెడ్డు, గుమ్మానికి అడ్డంగా నిలబడి చెప్పాడు అక్కడ పనిచేసే రాజనర్సు. ఎదురుగా పద్మారాణి, చేతిలో ఆరు గొట్టాలు, ఆరు దూది పుల్లలు.

"అరే, ఇది కరోనాకు గాదు. సెగ్గడ్డలు లేపే స్టెఫైలోకాకస్ అని బ్యాక్టీరియా ఉంటది. మంచిగున్నోళ్ళ ముక్కుల గూడ సప్పుడు జేయకుంట కూసుంటది. దాని మీదనే నా పీహెచ్‌డీ."

"సంబంధం చూడవచ్చినోళ్ళు ఏం చదివినవ్ బిడ్డా అంటే, ముక్కులు అంటరా?"

"ముందు నీ మాస్కు పైకి గుంజుకో. నా చదువు బయటికి కనవడుతుంది."

అది 2021 ఏప్రిల్. సూరత్ అంతా అంబులెన్సుల మోత, శ్మశానాల దగ్గర శవాల వరుస. అలాంటి రోజుల్లో ఎవరైనా ప్రేమలో పడతారా అంటే, పడతారు. కాకపోతే మాస్కుల పుణ్యమా అని సగం ముఖం చూసే పడాలి. మిగతా సగం ఎలా ఉన్నా సర్దుకోవాలి.

గుంపు కూడవద్దని, ఎవరి ముక్కులో వాళ్ళే పుల్ల తిప్పుకుని, గొట్టంలో పెట్టి దాని మీద పేరు రాయాలని చెప్పి, ఆమె అన్నీ అతని చేతికే ఇచ్చి వెళ్ళింది. ఒక్కరూ ముందుకు రాలేదు. కార్ఖానాలో ఒకడు రాకపోతే అతని సాంచెల మీద ఇంకొకడు బద్లీ నిలబడడం రివాజు. రాజనర్సు ఐదుగురికి బద్లీ నిలబడ్డాడు. ఆరు పుల్లలూ తన ముక్కులోనే తిప్పి, ఆరు పేర్లు రాసి ఇచ్చాడు.

తర్వాత రోజూ ఫోన్లే.

"మీవోళ్ళందరిది ముక్కుల బ్యాక్టీరియా మామూలు మందుకే సచ్చే రకం."

"మావోళ్ళందరిది ఒకటే మనసు మేడం."

వారం తిరగకముందే, ఆ ఆరు పేర్లలో ఒకడు, అదే కార్ఖానాలో పనిచేసే అతని మేనమామ సోమలింగం తొడ మీద సెగగడ్డ లేచింది. మూడో రోజుకు కాలంతా వాచి, ఒళ్ళు పెనంలా కాలిపోయింది. పద్మారాణి తిరిగి తిరిగి ఆస్పత్రిలో మంచం ఇప్పించింది. కరోనా రోగుల మధ్య తల ఎత్తే తీరిక లేని డాక్టరుకు తన ల్యాబు పరీక్షల కాగితం చూపించింది. సోమలింగం ముక్కులోది మామూలు మందుకు లొంగే రకమని అందులో ఉంది. డాక్టరు ఆ మందే ఎక్కించాడు.

ఆ ముక్కు ఎవరిదో రాజనర్సు చెప్పలేదు. నిజం చెబితే ఆమె మళ్ళీ మాట్లాడదు. మందు పని చేస్తుందేమోనని ఒక రోజు చూశాడు. రెండో రోజు మామ అతన్ని గుర్తుపట్టలేదు. ఎప్పుడో చనిపోయిన అన్న పేరు పెట్టి పిలిచాడు.

వార్డు బయట ఆమెకు అడ్డం వెళ్ళాడు.

"ఆ ముక్కు మామది గాదు. నాది. ఆరూ నాయే."

"రెండు దినాల సంది నోరు మూస్కొని కూసున్నవా?"

"మీరు మాట్లాడరేమోనని..."

"మనిషి సస్తుంటే నా మాటల గురించి సోంచాయించినవా? జరుగు!"

లోపలికి పరుగెత్తి మందు మార్పించింది. పుండులోంచి చీము తీయించి ల్యాబుకు తీసుకుపోయింది. అది మామూలు మందులకు లొంగని రకమే. తొడలో కుళ్ళిన కండ గుప్పెడు కోసి తీశారు. ఆరో రోజుకు జ్వరం దిగింది. సోమలింగం బతికాడు. కానీ పన్నెండు గంటలు సాంచెల ముందు నిలబడే కాలు కాదిక అది.

అన్ని రోజులూ ఫోన్ మోగలేదు. ఆ సాయంత్రం వార్డు మెట్ల మీద ఆమే వచ్చి ఎదురుగా ఆగింది.

"మా గైడ్ మస్తు తిట్టిండు. నేనే నిలవడి తీయాల్సుండె, నా తప్పు గూడ ఉన్నది. ఆరు పేర్లు స్టడీలకెల్లి కొట్టేసిన."

రాజనర్సు మెట్టు మీంచి లేచాడు. "నన్ను గూడ కొట్టేసిన్రా?"

మాస్కు పైన ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"స్టడీలకెల్లే," అంది. "నడువు, మామకు కట్టు మార్చే టైమయింది. ముందు చేతులు కడుక్కో. నా కండ్ల ముంగట."