సీటు లేని సైకిలు

తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చినావిడ కుర్చీలో కూలబడింది. "ఏళ్ల తరబడి వెతికానండీ. దొరికిన గంటలోనే దొంగలు పడ్డారు. మిగిలింది కూడా ఎత్తుకుపోతారేమోనని భయంగా ఉంది," అంది.

డిటెక్టివ్‌ని అందరూ నిదానంగారంటారు. పక్కనే కొంప అంటుకున్నా చెప్పులు సరిచూసుకునిగానీ లేవడు. ఆయన మంచినీళ్ల గ్లాసు ఆవిడ ముందుకు జరిపి, కళ్లు సగం మూసుకున్నాడు. నిద్రపోతున్నట్టుంటుందిగానీ ఒక్క మాట జారనివ్వడని అసిస్టెంటుకి తెలుసు. అందుకే ఆయనంటే అతనికి అంత గురి.

"ఏం పోయింది?"

"మా నాన్న సైకిలు సీటు. చిన్నప్పుడు నేను ముందు కడ్డీ మీద, అన్నయ్య వెనక క్యారియర్ మీద కూర్చునేవాళ్లం. నాన్న మంచాన పడ్డప్పుడు అన్నయ్య నాతో మాటైనా చెప్పకుండా సైకిలు అమ్మేశాడు. అప్పట్నుంచీ మా మధ్య మాటల్లేవు. పాత సైకిళ్ల సంత ఎప్పుడు జరిగినా వెళ్లి వెతుకుతూనే ఉన్నా. ఇవాళ దొరికింది. నా మడమలు తగిలి పెయింటు పోయిన చోటు అలాగే ఉందండీ! కొనేసి, వ్యాను మాట్లాడి వచ్చేలోపు సీటు మాయం."

"కొత్తది వేయించుకోవచ్చుగా?" అన్నాడు అసిస్టెంటు.

ఆవిడ చూసిన చూపుకి అతను తల దించుకున్నాడు.

"అది తోలు సీటండీ. ఏళ్లు కూర్చుంటే మనిషి ఒళ్లు అందులో అచ్చు పడిపోతుంది. ఇక మా నాన్న మిగిలింది అందులోనే."

సంతకి వెళ్లేసరికి ఆకాశం నల్లబడింది. చైన్లు, బెల్లులు, పెడళ్లు పరిచిన పట్టాలని జనం ఒక్కొక్కటే మడుస్తున్నారు. సైకిలు అమ్మిన ముసలాయన్ని అక్కడ అందరూ చువ్వల తాత అంటారు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకున్నాడు.

"నాకేం పాపం తెలీదు బాబూ! పొద్దున్నే ఆ తోలుకి నూనె కూడా పట్టించా. అది ఆరేదాకా ముట్టుకుంటే మరకే."

తాత చేతుల నిండా నూనె మరకలే. అసిస్టెంటు కళ్లెగరేశాడు. నిదానంగారు పట్టించుకోలేదు.

పక్కన నిలబడ్డ మీసాలాయన పాత దీపాలు పోగుచేసే మనిషి. "నేను బేరమాడింది దీపం కోసం. అరిగిపోయిన సీటెవడిక్కావాలి?" అని కసిరాడు. దీపం సైకిలుకే ఉంది.

కాస్త ఎడంగా, భుజాన పనిముట్ల సంచితో, ఆ ఉక్కపోతలోనూ కోటు గుండీలన్నీ పెట్టుకుని ఒకాయన నిలబడ్డాడు. ఆవిడ ముఖం తిప్పుకుంది. "మా అన్నయ్య. లిఫ్టులు బాగుచేస్తాడు."

"ప్రతి సంతకీ వస్తాడు, ఒక్కటీ కొనడు," అన్నాడు తాత.

నిదానంగారు సైకిలు దగ్గర కూర్చున్నాడు. సీటు కింద ఉండాల్సిన కడ్డీ కూడా లేదు. కడ్డీ దిగే గొట్టం నోట్లో మడతపెట్టిన చేతిరుమాలు కుక్కి ఉంది.

ఆయన లేచి అందర్నీ దగ్గరికి పిలిచాడు.

"దొంగ ఖరీదైన దీపం వదిలి సీటు తీశాడు. కాబట్టి అమ్ముకునేవాడు కాదు. వాన నీళ్లు దిగి గొట్టం తుప్పు పట్టకుండా తన రుమాలు కుక్కి వెళ్లాడు. దోచుకునే సైకిలు మీద ఎవరికీ అంత ప్రేమ ఉండదు. ఇక నూనె. తాత చేతికి అంటడంలో వింత లేదు. మరి ఈ ఉక్కలో కోటెందుకు బాబూ? గుండీలు విప్పండి."

అన్నయ్య విప్పాడు. షర్టు మీద, సరిగ్గా గుండె దగ్గర, గోధుమరంగు నూనె మరక.

"సంచిలో వేసుకునే ముందు హత్తుకున్నట్టున్నారు," అన్నాడు నిదానంగారు, మెల్లగా.

అన్నయ్య సంచిలోంచి సీటు తీశాడు. "నువ్వు ముందు కూర్చుని దారంతా చూశావు. నాకు కనిపించింది నాన్న వీపు, నా చేతికి దొరికింది ఈ సీటు స్ప్రింగులు. సైకిలు నీదే. ఇదొక్కటీ నాకు..." సీటుని చేత్తో తడిమాడు. "నువ్వు సైకిలు తీసుకెళ్లడం చూసి పోదామని ఆగాను."

"అంత ప్రేమున్నవాడివి ఎందుకమ్మావు?"

"కిటికీలోంచి అది కనబడితే చాలు, నాన్న మంచం దిగబోయి పడిపోయేవాడు. నీకు చెబితే అమ్మనిచ్చేదానివా?"

ఆవిడ సీటు తీసుకుని గొట్టంలోకి దించి, తాత దగ్గర పానా అడిగి బిగించింది. "సీటు లేని సైకిలు నేనేం చేసుకోను? సైకిలు లేని సీటు నువ్వేం చేసుకుంటావు? ఎక్కు. ఈసారి దారి నువ్వు చూడు."

అన్నయ్య ఎక్కాడు. ఆవిడ వెనక క్యారియర్ మీద కూర్చుని స్ప్రింగులు పట్టుకుంది. సైకిలు తూలుతూ కదిలింది. చినుకులు మొదలయ్యాయి.

గేటు దాటుతుండగా ఆవిడ గొంతు వినిపించింది. "అన్నయ్యా, నీ వీపు అచ్చం నాన్నదేరా!"

అన్నయ్య కాళ్లు తొక్కడం మర్చిపోయాయి. సైకిలు కాసేపు దానంతటదే వెళ్లింది.