లాకర్‌లోని నాలుగు ఒరిజినల్స్

ఉదయం పది నలభైకి లాకర్ తెరిచారు. ఫైలు ఉంది. ఫైల్లో కాగితాల్లేవు.

పోయినవి నాలుగు. ఆస్పత్రిలో ఏఎన్ఎం నర్సు ఈశ్వరి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఏఎన్ఎం మార్కుల జాబితా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. అన్నీ ఒరిజినల్సే. సాయంత్రం నాలుగింటిలోగా వాటిని మహారాణిపేట వెరిఫికేషన్ సెంటర్లో చూపించాలి. లేకపోతే స్టాఫ్ నర్సు అయ్యే జీఎన్ఎం కోర్సులో సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది.

ఎస్సై గంగాభవాని సీతమ్మధారలోని ఆ ప్రైవేటు ఆస్పత్రి మెట్లెక్కేసరికి పదకొండున్నర. గోడలకి పచ్చి రంగు వాసన. రిసెప్షన్లో నోటీసు: ‘వచ్చే గురువారం ఇన్‌స్పెక్షన్. స్టాఫ్ అందరూ యూనిఫాంలో ఉండాలి.’

లోపల ఒక పెద్దావిడ కేకలు. ఈశ్వరి తల్లి పోతమ్మ. పూర్ణా మార్కెట్లో చేపల బుట్ట వదిలేసి వచ్చింది.

“తొమ్మిదేళ్లు సేసింది బాబూ నా కూతురు ఇక్కడ! రోగం కాదనీలేదు, రొచ్చు కాదనీలేదు. దాని కాగితాలు ఏటి సేసినారు?”

“అమ్మా, ఊరుకో.” ఈశ్వరి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడుపు లేదు. అది కోపం.

గంగాభవాని సూటిగా అడ్మినిస్ట్రేటర్ శ్రీరామ్మూర్తి ముందు కూర్చుంది.

“ఆవిడ సర్టిఫికెట్లు మీ లాకర్లో ఎందుకున్నాయి?”

“పాలసీ మేడమ్. జాయినింగ్ రోజునే అందరి ఒరిజినల్స్ తీసుకుంటాం.”

“దేనికి?”

“స్టాఫ్ చెప్పకుండా మానేస్తారు కదా.”

“నా డిగ్రీ మా ఏసీపీ బీరువాలో లేదండీ. అయినా రోజూ డ్యూటీకి వస్తున్నాను.”

శ్రీరామ్మూర్తి చిరునవ్వు నవ్వి ఒక కాగితం ముందుకు జరిపాడు. “కాగితాలు పోలేదు మేడమ్. ఆవిడే తీసుకుంది. ఇదిగో రసీదు.”

అచ్చువేసిన ఫారం. ఖాళీల్లో నీలం సిరాతో నింపారు. అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:20. ఒరిజినల్స్ నాలుగు ముట్టాయి. కింద ఎర్ర సిరాలో ఈశ్వరి సంతకం.

“సంతకం నీదేనా?”

ఈశ్వరి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. “నాదే మేడమ్. కానీ నాను ఏటీ తీసుకోలేదు.”

“మరింకేం?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

గంగాభవాని అతనివైపు చూడలేదు. “లాకర్ తాళాలు ఎన్ని?”

“రెండు. ఒకటి నాది. ఇంకోటి నర్సింగ్ సూపరింటెండెంట్‌ది.”

సూపరింటెండెంట్ మధులత గట్టి గంజి చీరలో నిటారుగా వచ్చింది. ఆవిడ మాటలూ అలాగే ఉన్నాయి.

“ఏఎన్ఎంలందరూ స్టాఫ్ నర్సులైపోతే బెడ్‌పాన్లు ఎవరు తీస్తారమ్మా? నేను వద్దనే చెప్పాను.”

“వద్దని చెప్పి కాగితాలు దాచారా?”

“దాచాల్సిన ఖర్మ నాకేంటి? మొహం మీదే చెప్పగలను.”

వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరు ఎవరిది? అదే ఆస్పత్రిలో ఇంకో ఏఎన్ఎం శ్రీవల్లిది. ఆ అమ్మాయి పైట నలుపుకుంటూ నిలబడింది.

“ఈశ్వరక్క సీటు నాకొద్దు మేడమ్. నాకు సూది పట్టుకోవడం నేర్పిందే ఆవిడ.”

“కానీ పోతే నీకే వస్తుంది.”

“వస్తుంది. పొద్దుట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. సిగ్గేసింది.”

అబద్ధం చెప్పేవాళ్లు ఇంత ఒప్పుకోరు. గంగాభవాని లేచి ఐసీయూకి నడిచింది. అక్టోబర్ 14 నాటి కేస్ షీట్లు అడిగింది.

నాలుగో బెడ్. 14:15కి బీపీ, 14:30కి యూరిన్ అవుట్‌పుట్. రెండూ ఈశ్వరి చేతిరాత. మధ్యలో పదిహేను నిమిషాలు. ఐసీయూ మూడో అంతస్తు, లాకర్ కింద. దిగి, సంతకం పెట్టి, ఎక్కి రావచ్చు. ఇది సరిపోదు.

పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. పగలు రాసిందంతా నీలం. రాత్రి ఎనిమిది దాటాక ఎరుపు. మళ్లీ ఉదయం నీలం. ప్రతి షీటూ అంతే.

గోడ గడియారం ఒంటి గంట యాభై.

రెండుంబావుకి అందర్నీ అడ్మిన్ గదిలో కూర్చోబెట్టింది. కానిస్టేబుల్ దుర్గారావు తలుపు దగ్గర నిలబడ్డాడు.

“మధులత గారూ, ఈ రసీదు మీరు చూశారా?”

“లేదు. ఆఫీసు కాగితాలు నాకు చూపించరు.”

“చూడండి.”

మధులత కళ్లజోడు పెట్టుకుంది. మరుక్షణం అలవాటు కొద్దీ ఈశ్వరి మీద విరుచుకుపడింది. “మధ్యాహ్నం రెండింటికి ఎర్ర పెన్నేంటే? డే డ్యూటీలో రెడ్ ఇంక్ జేబులో ఉంటే ఏం చేస్తానో తెలీదా నీకు?”

గంగాభవాని రసీదు వెనక్కి తీసుకుంది.

“నేనడగబోయేదీ అదే,” అంది గంగాభవాని. “ఇక్కడ నర్సులు పగలు నీలంతో రాస్తారు. రాత్రి ఎరుపుతో రాస్తారు. మీకు తెలుసు, శ్రీవల్లికి తెలుసు. మీ ఇద్దరిలో ఎవరైనా ఈ దొంగ రసీదు చేసుంటే, ఎర్ర సంతకం మీద పగటి టైము వేసేవారు కాదు. ఆ సంగతి పట్టించుకోని మనిషి ఈ గదిలో ఒక్కరే.”

శ్రీరామ్మూర్తి చిరునవ్వు ఆగిపోయింది.

“ఈశ్వరీ, ఆఖరి నైట్ డ్యూటీ ఎప్పుడు?”

“సెప్టెంబర్ ఆఖరి వారం మేడమ్.”

“సీటు లిస్టు అప్పటికే వచ్చేసింది. ఆ వారంలో ఎవరైనా నీతో సంతకం పెట్టించారా?”

ఈశ్వరి ఒక్కసారి తలెత్తింది. “సారే! తెల్లారి ఆరున్నరకి ఐసీయూ తలుపు దగ్గరకొచ్చారు. ఐడీ కార్డుల ఫారాలు, అర్జెంటు అన్నారు. ఆరో బెడ్ తాతకి గుండాగిపోయింది. నాను సీపీఆర్ సేత్తన్నాను. నా బదులు ఇంకో సిస్టరు సెయ్యి ఏసినప్పుడు జేబులో పెన్ను తీసి, సూడకుండా పెట్టేసినాను.”

“తాత?”

“బతికారు మేడమ్.”

గంగాభవాని బల్ల మీద చరిచిన చరుపుకి పెన్ స్టాండ్ పడిపోయింది. “ఆవిడ ఒక ప్రాణం నిలబెడుతోంది. మీరు పక్కన నిలబడి ఖాళీ ఫారం మీద సంతకం దొంగిలించారు!”

“ఆవిడ వెళ్లిపోతే ఐసీయూ ఎవరు చూస్తారు?” శ్రీరామ్మూర్తి గొంతు పెరిగింది. “రిజిస్టర్డ్ నర్సు పని ఆ జీతానికి ఇంకెవరు చేస్తారు?”

“ఒప్పుకున్నారు. ఇక కాగితాలు.”

“చించేశాను.”

“చించరు. గురువారం ఇన్‌స్పెక్షన్. స్టాఫ్ లెక్క సరిపోవాలంటే మీకూ ఆ ఒరిజినల్సే కావాలి. దుర్గారావూ, ఇన్‌స్పెక్షన్ ఫైలు చూడు.”

అతని సొరుగులోనే దొరికింది. నాలుగు కాగితాలు, ప్లాస్టిక్ కవర్లో. రెండు ముప్పై ఒకటి.

పోతమ్మ కొంగు బిగించింది. “నా పిల్ల సదువుని సొరుగులో ఎడతావురా? సేప కోసే కత్తి మార్కెట్లో వొదిలేసినాను, బతికిపోనావు!”

“అమ్మా, అతన్ని నాకొదిలెయ్,” అంది గంగాభవాని. మధులత వైపు తిరిగింది. “లాకర్లో ఇంకా ఎన్ని ఫైళ్లున్నాయి?”

“ముప్పై ఏడు.” మధులత గొంతు మొదటిసారి తగ్గింది. “నాదీ ఉంది.”

“మీ దగ్గర తాళం ఉంది కదండీ!”

 మధులత నడుముకున్న తాళంచెవి తీసింది. “శ్రీవల్లీ, అందర్నీ పిలు. ఎవరివి వాళ్లకి ఇచ్చేద్దాం.”

జీపు మహారాణిపేట చేరేసరికి మూడు ఇరవై. క్యూ కదిలి ఈశ్వరి టేబుల్ దగ్గరికి వచ్చేసరికి మూడు యాభై రెండు. క్లర్కు ఒరిజినల్స్ సరిచూసి, ఫారం తోశాడు.

“ఇక్కడ సంతకం పెట్టమ్మా. తొందరగా. టైమైపోతోంది.”

ఈశ్వరి పెన్ను తీయలేదు. ఫారం దగ్గరికి లాక్కుని మొదటి లైను నుంచి చదవడం మొదలెట్టింది. వేలు ఒక్కో లైను మీదా కదులుతోంది.

“అన్నీ మామూలువే అమ్మా! పెట్టెయ్!”

“చదవనివ్వండి,” అంది గంగాభవాని, వెనకనుంచి.

మూడు యాభై ఆరు. రెండో పేజీ కూడా అయింది. ఈశ్వరి జేబులోంచి నీలం పెన్ను తీసి, మూత విప్పి, సంతకం పెట్టింది.