లోహిత అడిగిన స్టూలు

పొద్దున ఏడు గంటలకు ఏకాంబరం ఇంట్లో సింకు దగ్గర రోజూ ఒక పంచాయితీ. ఐదేళ్ళ లోహితకు కొళాయి అందదు. తల్లి పవిత్ర ఒక చేత్తో పిల్లను చంకనెత్తుకుని, ఇంకో చేత్తో పళ్ళు తోమించి కిందికి దించేలోపు పొయ్యి మీద దోశ మాడిపోతుంది. ఆ రోజు కూడా మాడింది.

"దినామూ ఒక దోశ నీకు కప్పం కట్టాల్సొస్తాండాది. ఎప్పుడే నువ్వు పెరిగేది?" అని కసిరింది పవిత్ర.

లోహిత నోట్లో నురగతోనే వాకిట్లోకి పరుగెత్తింది. అక్కడ తాత ఏకాంబరం వేపపుల్ల నములుతూ, వచ్చేపోయే బస్సుల్ని చూస్తున్నాడు. పూతలపట్టు కూడలికి నాలుగడుగుల దూరంలో ఇల్లు, ఇంటి పక్కనే కొయ్యపని అంగడి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఏకాంబరం ఆచారి బిగించిన వాకిలి తలుపు లేని వీధి తక్కువ.

"తాతా, నాకొక స్టూలు సేసీ."

"స్టూలా? ఏమిటికి తల్లీ?"

"సింకు అందుకునేదానికి. గెట్టిగా ఉండాల. ఊగకూడదు. పైన సెక్క యెడల్పుగా ఉండాల, పెద్ద కాళ్ళు రెండూ పట్టేటట్ల. పట్టుకునేదానికి పక్కన ఒక కర్ర గూడా ఉండాల." బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా చెప్పి, పిల్ల ఒకసారి వంటింటి వైపు చూసింది.

ఏకాంబరం పగలబడి నవ్వాడు. "పెద్ద కాళ్ళా! నీ కాళ్ళెంతుండాయే, సీమచింతకాయలంత లేవు. పట్టుకునే కర్ర ఎందుకంట? ముసిలిదానివా నువ్వు?"

"ఉండాల తాతా!"

"పోవే, పెద్ద ఇంజనీరమ్మ వొచ్చినాది. కూసో ఆడ, నేను సేసేది సూడు."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న చప్పుడు అప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆ సంగతి అతనికి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. ఆ క్షణాన మాత్రం మనవరాలు అడిగిందన్న సంబరం తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు.

పరంధామయ్య అనే ఆసామి ఇంటి వాకిలి సగంలో ఉంది. గృహప్రవేశం దగ్గరికొచ్చిందని ఆయన ఫోను మీద ఫోను.

"ఏకాంబరం, వాకిలి లేకుండా గృహప్రవేశం అంటే అందరం కిటికీలో దూరి పోవాల్నా ఏందప్పా?"

"ఒక్క దినం ఓర్సుకో సామీ. పెద్దోళ్ళ పని పడింది."

"ఎవురప్పా అంత పెద్దోళ్ళు? ఎమ్మెల్యేనా?"

"అంతకంటే పెద్దోళ్ళు," అని ఫోను పెట్టేసి జేబులోంచి కొలతదారం తీశాడు ఏకాంబరం. అది వాళ్ళ నాయన వాడిన పద్ధతి. టేపు ఎన్ని అంగుళాలో చెబుతుంది గానీ, మనిషిని కొలవడానికి దారమే కావాలనేవాడు ఆయన. ఎక్కేవాళ్ళను చూడకుండా మెట్టు కొయ్యరాదు, కూర్చునేవాళ్ళను చూడకుండా కుర్చీ చెయ్యరాదు. ఇది ఏకాంబరానికి చిన్నప్పటి నుంచి చెవుల్లో నూరిపోసిన మాట.

లోహితను సింకు పక్కన నిలబెట్టాడు. నేల నుంచి ఆమె మోచేతి దాకా దారం పెట్టి ఒక ముడి వేశాడు. తర్వాత సింకు అంచు ఎత్తు కొలిచాడు. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో అంత ఎత్తు స్టూలు కావాలి. పిల్ల పాదాలు చెక్క మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాడు. చక్కిలిగింతలకు లోహిత కిలకిలా నవ్వింది.

మంచి వేపచెక్క వెతికి తీశాడు. వేపకు చెదలు పట్టదు. చిత్రిక పడుతుంటే చేదు వాసన అంగడంతా నిండింది. కాళ్ళు నాలుగూ కిందికి పోయేకొద్దీ కొంచెం బయటికి జరిగేటట్టు వాలుగా పెట్టాడు. అట్లా పెడితే పిల్ల ఏ అంచు మీద నిలబడినా స్టూలు ఒరగదు. కాళ్ళ కొసలు చెక్కి, పైచెక్కలో ఉలితో తొలిచిన రంధ్రాల్లోకి దిగగొట్టాడు. కాళ్ళను కలుపుతూ అడ్డకర్రలు బిగించాడు. ఒక్క మేకు కూడా వాడలేదు. పిల్ల చేతికి పేళ్ళు గుచ్చుకోకుండా అంచులన్నీ గరుకు ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, తన చెంపకు ఆనించి చూసుకున్నాడు.

సాయంత్రం రేణిగుంటలో గోడౌను పని ముగించుకుని కొడుకు భానుచందర్ వచ్చేసరికి ఇంట్లో జాతర. లోహిత స్టూలెక్కి కొళాయి తిప్పడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. భానుచందర్ కూడా ఎక్కి ఊగి చూశాడు.

"ఏం గెట్టిగా సేసినావు నాయినా! దీని మీద లారీ ఎక్కించినా కదలదు."

"మరి! ఆచారి సేసిందంటే ఏమనుకున్నావు?" ఏకాంబరం మీసం దువ్వుకున్నాడు. "ఏమే, నువ్వు సూసినావా?"

భార్య జ్ఞానాంబ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. స్టూలు ఎత్తును ఒకసారి, ఇరుకైన పైచెక్కను ఒకసారి చూసింది. "బాగుండాది," అని లోపలికి వెళ్ళిపోయింది.

"ఏంది, నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని ఏకాంబరం వెనకనుంచి హాస్యమాడాడు.

మరుసటి రోజు శనివారం. కొడుకు డ్యూటీకి పోయాడు. పవిత్ర పిల్లకు తలంటి పెరట్లో జడ వేస్తోంది. అంగట్లో కూర్చున్న ఏకాంబరం కళ్ళద్దాలు మరిచిపోయానని గుర్తొచ్చి ఇంట్లోకి వచ్చాడు. వంటింట్లో నేల మీద కొయ్య రాసుకున్న చప్పుడు. తొంగి చూశాడు.

జ్ఞానాంబ ఆ స్టూలును ఎడమచేత్తో ఈడ్చుకొచ్చి దేవుడి గూడు కింద పెట్టింది. వేసవిలో బాత్రూములో జారిపడి ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పి చాలా రోజులైనా ఆ చేతికి పట్టు రాలేదు, భుజం పైకి లేవదు. ఆమె గోడకు ఎడమచెయ్యి ఆనించి కుడికాలు ఎత్తింది. మోకాలు సగంలోనే ఆగిపోయింది. పళ్ళు బిగబట్టి కాలు మార్చింది. పాదం స్టూలు అంచుకు తగిలింది గానీ పైకెక్కలేదు. పట్టుకుందామంటే పక్కన ఆసరా లేదు. కాసేపు అట్లే నిలబడి గూటివైపు చూసింది. తర్వాత వంగి, తన పాదం తగిలిన చోట చీరచెంగుతో తుడిచి, స్టూలును మళ్ళీ సింకు వైపు ఈడ్చబోయి వెనక్కి తిరిగింది. ఎదురుగా మొగుడు.

"ఏం జేస్తాండావే?"

"ఏం ల్యా. దుమ్ముండాదేమోనని సూస్తి."

"స్టూలు మీది దుమ్ము దేవుడి గూటి కింద కనిపిస్తాదా? ఒక తూరి పడినాక గూడా బుద్ధి రాలేదా నీకు? ఈ వయసులో స్టూలెక్కే పనేంది? అది బిడ్డకు సేసింది!"

జ్ఞానాంబ తల వంచుకుంది. ఆ గొంతు విని పవిత్ర దువ్వెన చేత్తోనే లోపలికి వచ్చింది. మామ ముందు గొంతెత్తి ఎరగని పిల్ల. ఆ రోజు ఆగలేకపోయింది.

"మామా, ఆ స్టూలు లోహిత అడిగిందనుకుంటాండావా?"

"మరెవురు అడిగినారు?"

"పవిత్రా, ఊరుకోమ్మా," అంది జ్ఞానాంబ.

"ఎన్నాళ్ళు ఊరుకునేది అత్తా? ఆ బిడ్డకు పైచెక్క యెడల్పు గురించీ, పట్టుకునే కర్ర గురించీ ఏం తెలుసు మామా? ఎవురో సెప్పి పంపిస్తేనే గదా! నేనడిగితే సేయడు, నువ్వడుగు, నీ మాట కాదనడని అత్తే దానికి నేర్పింది. రాత్రి బిడ్డ నా దగ్గిర ఏడ్సింది. అవ్వ సెప్పిన కర్ర తాత పెట్టలేదమ్మా అని."

ఏకాంబరం స్టూలు వైపు చూశాడు.

"ఇంగొకటి గూడా సెప్తా. అత్త పడింది బాత్రూములో గాదు. ఈడ. ఇటికరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్సి, దేవుడికి దీపం పెట్టబోయి పడింది. నీకు తెలిస్తే బాధపడతావని నా సేత ఒట్టేయించుకున్నాది."

వేసవిలో ఆ రోజు తానేమన్నాడో ఏకాంబరానికి గుర్తొచ్చింది. 'కండ్లు యాడ పెట్టుకోనుండావే?' అని అరిచాడు. తర్వాత బాత్రూము బండలన్నీ ఉలితో గరుకుగా కొట్టి, ఇంక ఎవరూ జారరని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. ఆమె ఆ గరుకు బండల మీద నడుస్తూ ఒక్క మాట కూడా అనలేదు.

అతను తలెత్తి గూటిని చూశాడు. ఇల్లు కట్టిన కొత్తలో టేకుచెక్కతో తాను చేసింది. అంచుకు తామరపూలు, పైన చిన్న గోపురం. గోడకు బిగించేటప్పుడు తన కళ్ళకు ఎదురుగా ఉండేటట్టు పెట్టాడు. ఏకాంబరం ఆరడుగుల మనిషి. జ్ఞానాంబ అతని భుజం కిందికి వస్తుంది. 'నాకు అందదయ్యా,' అంది ఆమె ఆ రోజే. 'దేవుడి దగ్గిరికి మనం ఎక్కిపోవాల గానీ, దేవుడు దిగొస్తాడా?' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ మాట ఎంతో బాగా పేలిందని ఆ తర్వాత ఎందరు చుట్టాలకు చెప్పుకున్నాడో! ఆమె కూడా ప్రతిసారీ నవ్వేది. నవ్వి, కాఫీలు కలపడానికి లేచి పోయేది.

ఒక స్టూలు చేసిపెట్టమని ఎన్నిసార్లు అడిగింది? అడిగిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి పెళ్ళిమంచం, ఎవరిదో ఒకరి వాకిలి. 'సూద్దాంలే.' ఊళ్ళో పిల్లలు ఊగే తొట్టెకు కూడా తల్లి చెయ్యి ఎంత దూరం సాగుతుందో కొలిచి చేసిన మనిషి, తన ఇంట్లో రోజూ మునివేళ్ళ మీద నిలబడి దీపం పెడుతూ వచ్చిన మనిషిని ఒక్కసారీ కొలవలేదు.

"జ్ఞానా," అన్నాడు. "పరంధామయ్య వాకిలి పక్కన పడేస్తా. ఇప్పుడే నీకు వేరే స్టూలు సేస్తా. రెండు మెట్లది. యెడల్పుగా, కర్ర పెట్టి..."

జ్ఞానాంబ మెల్లగా తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"వొద్దయ్యా. కర్రుంటే సాలనుకుంటి. ఇప్పుడు నా మోకాలే ఎక్కదు. అడిగినప్పుడు ఎక్కేదాన్ని."

అంతే అంది. పవిత్ర కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి పోయింది. ఏకాంబరం తాను చేసిన స్టూలు మీదే కూలబడ్డాడు. పిల్ల కోసం చేసిన స్టూలు, కదలకుండా గట్టిగా అతన్ని మోసింది. ఆ గట్టితనమే అతనికి ముల్లులాగా గుచ్చుకుంది. ఒక్క పూట పని! ఇంతే కదా ఆమె అడిగింది.

గూటివైపు ఒకసారి చూసి, లేచి జేబులోంచి కొలతదారం తీశాడు.

"ఇట్ల రా. గోడకు ఆనుకోని నిలబడు."

"ఏమిటికి?"

"రా అంటాండా గదా."

జ్ఞానాంబ వచ్చి నిలబడింది. కొత్త పెళ్ళికూతురిలా చెంగు సర్దుకుంది.

"సెయ్యి ఎత్తు. నొప్పి ఎత్తకముందే ఆపెయ్యాల. ఓర్సుకోవద్దు. ఓర్సుకున్నావంటే కొలత తప్పుతాది."

ఆమె ఎడమచెయ్యి ఎత్తింది. "ఆ సెయ్యి గాదు, కుడిది," అన్నాడు. కుడిచెయ్యి మెల్లగా లేచి, భుజం దాకా రాకముందే ఆగింది. అంత కిందనే ఆగిపోతుందని ఏకాంబరం అనుకోలేదు. నేల మీద మోకరించి, దారం ఒక కొసను ఆమె మడమ దగ్గర పెట్టి, పైకి లాగి, ఆమె వేళ్ళ దగ్గర ముడి వేశాడు. లోహిత ముడికి పైన రెండో ముడి. వేస్తుంటే కళ్ళకు నీళ్ళు అడ్డమొచ్చి ముడి సరిగా పడలేదు. విప్పి మళ్ళీ వేశాడు.

"ఇంత పొట్టిదానివని ఎప్పుడూ సెప్పలేదే," అన్నాడు.

"సూసే కండ్లు పైన పెట్టుకోనుంటే నేనేం సేసేది?" అంది జ్ఞానాంబ. అప్పటికి గానీ ఆమె కన్ను చెమ్మగిల్లలేదు.

అతను గూట్లోని దేవుడి పటాలన్నీ ఒక్కొక్కటే దించి పీట మీద పెట్టాడు.

"దేవుణ్ణి కదిలించేదానికి మంచి దినం సూడొద్దా?" అందామె భయంగా.

"ఇన్నేండ్లూ సెడ్డ దినాలే జరిగినాయి. ఇంగ సూసేది లేదు."

గూటిని గోడ నుంచి ఊడదీశాడు. దాని వెనక గోడ ఇల్లు కట్టిననాటి తెల్లటి సున్నంతో అట్లాగే ఉంది. చుట్టూ దీపం పొగ. దారం ముడి ఎక్కడుందో అక్కడ కొత్త రంధ్రాలు వేసి బిగించాడు. లోహిత వచ్చి పటాలు అందించింది.

"తాతా, అవ్వకు అందిందా?"

"అందింది తల్లీ. నీకు గూడా అందుతాది, నీ స్టూలెక్కు."

జ్ఞానాంబ స్నానం చేసి వచ్చింది. వేసవి తర్వాత తన చేత్తో దీపం పెట్టడం అదే మొదలు. కుడిచేత్తో అగ్గిపుల్ల గీసింది. మొదటిది ఆరిపోయింది. ఏకాంబరం చెయ్యి ముందుకు పోయింది. ఆమె తల ఊపి వద్దంది. రెండో పుల్లతో వత్తి అంటుకుంది. మునివేళ్ళ మీద లేవకుండా, రెండు పాదాలూ నేల మీద ఆనించి, ఆమె దేవుడి ముఖంలోకి సూటిగా చూసింది. చాలాసేపు చూసింది.

దణ్ణం పెట్టుకుందామని వెనక నిలబడ్డ ఏకాంబరానికి మాత్రం ఇప్పుడు గోపురం తప్ప ఏమీ కనబడలేదు. కొంచెం వంగాడు. పటాల పైఅంచులు కనబడ్డాయి.

"ఇంగా వొంగాలయ్యా," అంది జ్ఞానాంబ, వెనక్కి చూడకుండానే.

అతను ఇంకా వంగాడు.