తలుపు చెక్కని కార్డు

ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్ ఆమెకి 'కార్డులావిడ' అని పేరు పెట్టాడు. చేత్తో పోస్టుకార్డులు చేసి, ముక్కూమొహం తెలియనివాళ్లకి పంపుతుంది. బదులుగా వాళ్లూ తాము చేసినవి పంపుతారు. ఒకరు నీటిరంగులతో వేస్తే, ఇంకొకరు గుడ్డముక్కలు అతికిస్తారు. ఈమెది లినో అచ్చు. మెత్తటి పలకమీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి చెంచా వెనకవైపుతో రుద్దడమే. చెక్కినచోట తెల్లగా, చెక్కనిచోట నల్లగా పడుతుంది. బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది కాబట్టి కుడిది ఎడమకి చెక్కాలి. పదేళ్లుగా అదే పని, ఆమాత్రం ఆమెకి తెలియంది కాదు.

ఈసారి అందరూ ఎవరి పనిగది వాళ్లు బొమ్మగా చేసి పంపుకున్నారు. మధ్యాహ్నం పాలు పొయ్యిమీద పెట్టి, రెండు నిమిషాల్లో వద్దామని గదిలో కూర్చుని ఆమె టపా చూసింది. అంచుకి పూలు కుట్టిన కార్డొకటి వచ్చింది. వెనక రెండే మాటలు.

"గది ముచ్చటగా ఉంది తల్లీ. మరి బయటికెలా వస్తావు?"

తను పంపిన అచ్చుకి తన దగ్గరున్న ప్రతి తీసి చూసుకుంది. కిటికీ, బల్ల, కుర్చీ అన్నీ ఉన్నాయి. తలుపు చెక్కడమే మరిచిపోయింది! తలుపుండాల్సిన ఎడమగోడంతా నల్లగా పడింది.

"నా మతి మండా!" అని నవ్వుకుంది.

వంటింట్లోంచి ఆరేళ్ల కూతురు కేకేసింది. "అమ్మా, పాలు పొంగుతున్నాయి!"

"నువ్వు పొయ్యి దగ్గరికెళ్లకు, వస్తున్నా!"

లేచి ఎడమవైపు తిరిగింది.

తలుపు లేదు.

గోడ... నున్నగా, చల్లగా, సిరా వాసనతో. తడిమితే అరచెయ్యి నల్లబడింది.

"అమ్మా, గుడ్డ అంటుకుంది... భయమేస్తోంది..."

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. మూడో అంతస్తు. కింద నడిచేవాళ్లెవరూ తలెత్తలేదు.

ఆ బొమ్మ చెక్కిన పలకే లాక్కుంది. గబగబా తలుపు చెక్కింది. సిరా పూసి, కాగితం వేసి, చెంచాతో రుద్దింది. కాగితం లేపగానే తలుపు కిర్రుమంది.

కానీ చప్పుడు కుడివైపు నుంచి...

కంగారులో ఎడమది ఎడమకే చెక్కేసింది. తలుపు కుడిగోడకి పడింది. ఆ గోడ అవతల గాలి తప్ప ఏమీ ఉండకూడదు.

తలుపు తెరుచుకుంది. అవతలా ఇదే గది. అన్నీ అటువి ఇటు. కుర్చీ ఖాళీ. ఆ గది తలుపు మాత్రం బార్లా తీసి ఉంది. పరుగెత్తింది... అందుకునేలోపే అది మూసుకుంది. గుద్దబోతే పిడికిలికి గోడే తగిలింది.

గోడ అవతల నీళ్లు చిమ్మిన చప్పుడు. మంట చుయ్‌మని ఆరింది.

"వచ్చేశావా అమ్మా!" కూతురి గొంతు.

"బంగారూ, అది నేను కాదే! దాని దగ్గరికెళ్లకు!" గొంతు చించుకుంది. పిల్లకి వినబడలేదు.

పిల్ల ఎవర్నో వాటేసుకున్నట్టుంది, మాట గుడ్డల్లోంచి వచ్చినట్టు మెత్తగా వచ్చింది.

"అమ్మా... నీ గుండె ఈ పక్క కొట్టుకుంటోందేంటి?"