గోపి పేరున పోయిన కాలు

పొద్దున్న ఏడున్నరకి మల్కాపురంలో కుళాయి ఆగిపోయింది. సగం గడ్డం గీసుకుని, సబ్బు నురగతో నిలబడ్డ సింహాద్రి ఇంట్లోకి కేకేశాడు. పద్మావతి చెంబుతో నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టింది. ఒంటి మీద నీలం చీర. బయటికెళ్ళేటప్పుడు కట్టేది.

"ఏటి లీడరమ్మా, ఈవేళ ఎవుల్ని ఉద్ధరించాలి?"

"తవిటమ్మోల కేసు. పదకొండుకి లేబరాఫీసు కాడ. రాత్రే సెప్పాను కదా మావా."

చెప్పింది. అతనే నిద్రపోతున్నట్టు నటించాడు.

ఎనిమిది నెలల కిందటి దాకా బ్యాంకులో ఫారం నింపాలన్నా పద్మావతికి మొగుడు పక్కనుండాలి. తను పదో తరగతి పాసు, అతను ఆరులో బడి మానేసినవాడు. అయినా అతని వెనకాలే నిలబడేది. అది సింహాద్రికి బాగుండేది. తర్వాత ఎవరో పిలిచారని కిరాణా కొట్టు మేడ మీదున్న హక్కుల వేదిక గదికి వెళ్ళింది. కాంట్రాక్టు కూలీలు, పాచిపని చేసే ఆడవాళ్ళు వచ్చి గోడు చెప్పుకుంటే ఈవిడ రాసిపెడుతుంది. జీతం లేదు, టీ కూడా సొంత డబ్బులే. అక్కడ ఒకటే కట్టుబాటు. వాళ్ళు చెప్పింది రాయాలి, చెప్పనిది ఒక్క ముక్క కలపకూడదు.

తవిటమ్మ మొగుడు సత్యం, సొంత గేటు పాసు లేని రోజు కూలీ. ఆర్నెల్ల కిందట బొగ్గు యార్డులో, బొగ్గు మోసుకెళ్ళే బెల్టు కింద పడి కాలు నలిగింది. మోకాలి దాకా తీసేశారు. కానీ యార్డు లెక్కలో ఆ రోజు సత్యం లేనే లేడు. ఊళ్ళో అమ్మవారి సంబరానికి వెళ్ళిన గోపి ఉన్నాడు. మనిషి తక్కువైతే ఒకడి గేటు పాసు మీద ఇంకొకణ్ణి లోపలికి తోసేయడం మేస్త్రీలకి అలవాటే. గేటు దగ్గర పాసు చూస్తారు గానీ మొహం ఎవడు చూస్తాడు. బయటపడకుండా ఆస్పత్రిలోనూ గోపి పేరే రాయించారు. అలా కాగితం మీద కాలు పోయింది గోపికి. ఆ గోపి రెండు కాళ్ళతో రోజూ డ్యూటీకి వస్తున్నాడు. సత్యం అనేవాడు మా దగ్గర పనే చెయ్యలేదంటాడు కాంట్రాక్టరు అర్జునరావు.

ఆ బ్యాచికి మేస్త్రీ సింహాద్రి.

"తవిటమ్మ అన్నీ సెప్పింది, ఒక్కటి తప్ప," అంది పద్మావతి. "ఆ పాసు ఎవులిచ్చినారని అడిగితే, ఎవులో మేస్త్రీ, పేరు తెల్దు, అలగే రాసీ అంది. నా మొహం సూడకుండా అంది. నిన్న గోపిని అడిగాను. కాయితం మీద సెప్పనన్నాడు గానీ, నోటితో సెప్పినాడు."

"ఏటి సెప్పినాడు?"

"నువ్వే అని."

రేజరు చెంప మీదే ఆగింది.

"మొగుడి కాలు పోయిన మనిషి, నా కాపురం సెడిపోద్దని నీ పేరు మింగీసింది మావా."

"అయితే రాసీ. పెన్ను నీ సేతిలోనే ఉంది కదా."

"ఆవిడ సెప్పంది నాను రాయకూడదు."

"మరింకేటి గొడవ? పీడా పోనాది."

"నువ్వు సెప్తే రాస్తాను."

సింహాద్రి నవ్వాడు. ఆ నవ్వులో మంచితనం లేదు. "నాను సెప్తే సాయంత్రానికి నా పాసు లాగీస్తారు. ద్వారకా నగర్లో నీ కూతురి కోచింగు ఆ వేదికోళ్ళు సూస్తారా? పదిహేడేళ్ళు బొగ్గు దుమ్ము తిన్నాను నాను. నాకెవుడు రాసినాడే అర్జీ?"

"ఎవులూ రాయలేదు. అందుకే నానెల్తన్నాను."

"మారిపోనావు నువ్వు."

"మారాను. మునుపు నువ్వు తప్పు సేస్తే నాను తల దించుకునేదాన్ని. ఇల్లు సల్లగున్నట్టుండేది."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదికి యార్డు గేటు దగ్గర ఒక మనిషి తక్కువయ్యాడు. శ్రీనివాసరావు రాలేదు. అర్జునరావు ఫోన్లోనే తేల్చేశాడు. "బయట ఎవడో ఒకడుంటాడు. శ్రీనివాసరావు పాసు మీద తోసీ."

ఉన్నాడు. టిఫిను డబ్బా పట్టుకుని, పని దొరికిందని మొహం వెలిగిపోతూ చెయ్యి చాపాడు. సింహాద్రి పాసు అతని చేతిలో పెట్టబోయి, ఎన్నడూ అడగనిది అడిగాడు.

"నీ పేరేటి?"

"తిరుమలరావు, బావా."

పాసు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఎల్లిపో. నీకేటైనా అయితే శ్రీనివాసరావుకి అయినట్టు రాస్తారు." ఆ మనిషి తిట్టుకుంటూ పోయాడు. సింహాద్రి మిగతా పాసులు గోపికిచ్చి, ఇంటి మీదుగా గాజువాక వెళ్ళే ఆటోలు వదిలేసి లేబరాఫీసు వైపు వెళ్ళేది ఎక్కాడు.

ఆఫీసు వరండాలో బెంచీ మీద తవిటమ్మ, పక్కన చంకకర్రలతో సత్యం. ఎదురుగా ఫైలుతో పద్మావతి. సింహాద్రిని చూసి నవ్వలేదు, ఏడవలేదు. కొత్త కాగితం తీసింది.

"మీ పేరు సెప్పండి."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి 'మీరు' అంది. వెటకారం ఆడదామనుకుని, మానేసి భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"సింహాద్రి. మేస్త్రీని."

తేదీ, గోపి పాసు, బెల్టు, ఆస్పత్రిలో రాయించిన పేరు, అన్నీ చెప్పాడు. ఆమె రాసింది.

"అంతేనాండీ?"

"ఇంకోటుంది." బెంచీ వైపు చూడలేదు. "ఆవేళ సత్యం రానన్నాడు. రెండు డ్యూటీలు ఒరసగా సేసినాను, నిలబడ్లేకపోతన్నాను బావా అన్నాడు. ఈవేళ రాకపోతే ఇంకెప్పుడూ రానక్కర్లేదన్నాను."

పెన్ను ఆగింది. తవిటమ్మ మొగుడి వైపు తిరిగింది. ఈ మాట సత్యం ఇంట్లో కూడా చెప్పలేదు.

"ఇది మీరు సెప్పకపోతే ఎవులికీ తెల్దు," అంది పద్మావతి మెల్లగా. "రాయమంటారా?"

"రాయి."

రాసింది. మొదట్నుంచీ పైకి చదివింది. కోపం లేదు, జాలీ లేదు. ఎవరిదైనా అలాగే చదువుతుంది కాబోలు. ఆర్నెల్లుగా అంతా బెల్టే చేసిందని తనకి తాను చెప్పుకుంటూ వచ్చాడు సింహాద్రి. 'ఇంకెప్పుడూ రానక్కర్లేదన్నాను' దగ్గరికి వచ్చేసరికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎగిసిపడే భుజాలు మాత్రం దాగలేదు.

సత్యం కర్రలు పక్కకి తీశాడు. కొంచెం జరిగాడు.

"నిలబడిపోనావేటి బావా. కూకో."

సింహాద్రి కూర్చోలేకపోయాడు. లోపల్నుంచి ప్యూను నంబరు పిలిచాడు. సత్యం లేవడానికి చెయ్యి చాపితే, ఆ చెయ్యి పట్టుకున్నాడు. సత్యం బరువంతా తన మీద పడనిచ్చి, అతను వేసినంత అడుగే తనూ వేస్తూ లోపలికి నడిచాడు.