వదినతో పంపిన మాట

దేవుడితో నేరుగా మాట్లాడమంటారు కదా, మరి సొంత అన్నాచెల్లెళ్లు మాట్లాడుకోకపోవడం గౌరవమెలా అవుతుందని చాలా ఏళ్లుగా నాకో సందేహం. ఫిజీలో మా దీవి ఆచారం అది. ఈడొచ్చాక అన్నా చెల్లెలూ ఒకరినొకరు పలకరించుకోరు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. ఇంగ్లండు వచ్చి బ్రిటిష్ సైన్యంలో చేరినా మావాళ్లు కొందరు దాన్ని వదలలేదు. పెద్దలు పెట్టిన పద్ధతి. తప్పనడానికి నాకు నోరు రాదు.

ఆ ఆదివారం చర్చికి వెళ్లేముందు మా దీవివాడే అయిన సాకియుసా ఇంట్లో టీ తాగుతున్నాం. అతని భార్య కేలెరా నూనెలోంచి వేడి వేడి బాబకావ్‌లు, అంటే మా దీవి పిండి బూరెలు, తీసి పళ్లెంలో వేస్తోంది. బయట యార్క్‌షైర్ వాన. బల్లకు ఆ చివర సాకియుసా, ఈ చివర చెల్లెలు ఉలమిలా. అతను సైన్యం వదిలి చాలా కాలమైంది. ఆమె రెజిమెంటు కార్యాలయంలో సార్జెంటు. జవాన్ల సెలవులూ బదిలీలూ చూస్తుంది. ఉద్యోగంలో ఉండగా చదువుకుంటే ఖర్చులో చాలా భాగం సైన్యమే ఇస్తుంది. ఆ సాయాన్ని ఆమె దేనికి వాడుకుంటుందన్నదే గొడవ; తాను కొన్న లారీని ఆమె నడపాలని అన్న పట్టు.

"కేలెరా, మీ ఆడపడుచు లారీ లైసెన్సుకు పేరిచ్చిందా? అడుగు."

"ఇవ్వలేదని చెప్పు వదినా. హెచ్ఆర్ కోర్సు తీసుకుంటున్నాను. మధ్య స్థాయిది."

"మధ్యదెందుకట? పైదానికి తెలివి చాల్లేదా?"

"కింది స్థాయిలో నేర్పేది నేను రోజూ చేసే పనే. పైదానికి ఇంకా అనుభవం కావాలి. మధ్యదాంట్లో మనుషుల తగాదాలు, ఫిర్యాదులు ఎలా వినాలో నేర్పుతారు."

సాకియుసా పెద్దగా నవ్వాడు. "వింటుందట! నేను కొన్న లారీ వాకిట్లో తుప్పు పడుతోంది. ఈవిడేమో రేపు ఏదో కంపెనీలో కుర్చీ వేసుకుని, మనలాంటివాళ్లకు ఉద్యోగం పోయిందని కాగితం చేతికిస్తుంది."

"లారీ కొనేముందు నన్నడగలేదని చెప్పు వదినా."

"అడగాలా? నాన్న పోయాక ఈ ఇంటికి పెద్దెవరో అడుగు!"

నాన్న మాట రాగానే కేలెరా చేతిలో గరిటె ఆగింది.

"నాన్నను పూడ్చిన రోజు నేనెక్కడున్నానో కూడా అడుగు. ఈ వంటగదిలో! ఫోన్‌లో చూశాను. ఇక్కడ లారీ నడిపి బతికే హక్కూ నాకు లేదు, వెళితే మళ్లీ ఈ దేశంలోకి రానివ్వరు. సైన్యం వదలకముందే స్థిరనివాసానికి అర్జీ పెట్టుకోవాలని నాకెవరూ చెప్పలేదు. ఆ ముక్క చెప్పాల్సిన కుర్చీలో కూర్చున్నదెవరు? సొంత అన్నకు దారి చూపనిది ఊరందరికీ చూపుతుందట. హెచ్ఆర్ అట, హెచ్ఆర్!"

"వదినా," అంది ఉలమిలా నెమ్మదిగా, "నీతో చెప్పి పంపాను."

కేలెరా పొయ్యి ఆపేసింది. "చెప్పింది. నిజమే. అప్పుడు బిడ్డకు జ్వరం. ఏదో కాగితం ఉందట అన్నాను మీతో. ఉంటే వాళ్లే పిలుస్తారు అన్నారు మీరు. అంతటితో వదిలేశాను."

"ఇన్నేళ్లూ నోరు మూసుకున్నావా?"

"మీ కోపం ఆవిడ మీదే ఉంటే, నా మీదికి రాదులే అనుకున్నాను."

ఉలమిలా కప్పు కింద పెట్టింది. ప్రార్థన చేద్దామన్నాను. ఎవరూ కళ్లు మూసుకోలేదు.

"ఇద్దరూ ఇద్దరే," అన్నాడు సాకియుసా. "ఆ కోర్సులో చేరితే ఈ గడప తొక్కొద్దని చెప్పు."

ఉలమిలా లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను.

"తప్పు నీది కాదు వదినా. చివరి సంతకాలకు అన్నయ్య మా ఆఫీసుకొచ్చాడు. నా బల్ల ముందే నిలబడ్డాడు. నేను తల వంచుకుని ముద్ర వేశాను. ముక్కూమొహం తెలియని కుర్రాడైతే, అర్జీ పెట్టావా బాబూ అని అడిగేదాన్ని. అన్న కాబట్టి అడగలేదు. కబురు పంపానుగా, నా పని అయిపోయిందనుకున్నాను. అది చేరిందో లేదో చూసుకోలేదు. ఇంకొకరికి అలా చేయకుండా ఉండాలనే ఈ చదువు."

"కబుర్లు బాగానే చెబుతోంది," అన్నాడు సాకియుసా. కానీ గొంతులో మునుపటి బలం లేదు. "లారీకి ఇంకో డ్రైవర్ని చూసుకుంటానని చెప్పు."

"మీరే చెప్పుకోండి," అంది కేలెరా, కొంగులేని గౌనుతోనే కళ్లు తుడుచుకుంటూ. "ఈ ఇంట్లో ఇక నేను ఎవరి మాటా మోయను."

అతను తలెత్తలేదు. ఉలమిలా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతని కుర్చీ పక్కన చాప మీద, మా మర్యాద ప్రకారం అతనికంటే తల కిందికి ఉండేలా కూర్చుంది.

"అన్నయ్యా."

చిన్నతనం దాటాక అతను ఆ పిలుపు వినలేదు. చేతిలో తుంచిన బాబకావ్ అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు నా బల్ల ముందు అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను. సైన్యం వదలకముందే స్థిరనివాసానికి అర్జీ పెట్టుకో అన్నయ్యా. ఎలా పెట్టాలో నేను చూపిస్తాను."

సాకియుసా కేలెరా వైపు చూడబోయి ఆగాడు. కన్నీళ్లు గడ్డం దాకా జారినా తుడుచుకోలేదు.

"అలాగే చెల్లీ," అన్నాడు. "పెట్టుకుంటాను."