ముప్పై మూడు నిమిషాల ఆట

మధ్యాహ్నం ఒకటిన్నర. దక్షిణ కొరియాలోని ఇల్సాన్‌లో ఒక ఐదంతస్తుల భవనం. మూడో అంతస్తులో ప్రాక్టీస్ గది.

కోచ్ ప్యో ఇన్‌హో తన కుర్చీ వెనక వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద రక్తం గడ్డ కట్టింది. వైట్‌బోర్డు స్టాండు ఇనుప అంచుకీ రక్తం అంటింది. ప్రాణం ఎప్పుడో పోయింది.

గదిలో ఏదో చప్పుడు. టిక్. మూడు సెకన్లు ఆగి మళ్ళీ టిక్.

"అదేంటి?" అంది ఇన్‌స్పెక్టర్ మిరాన్.

"మెట్రోనోమ్, మేడమ్. సంగీతం మాస్టర్లు తాళానికి పెట్టుకుంటారే, అది" అన్నాడు సార్జెంట్ గుక్. ఆటల పిచ్చి ఉన్నవాడు. "టిక్కుమన్నప్పుడల్లా ఆట వదలకుండానే మ్యాప్‌లో ఇంకో మూలకి చూపు తిప్పి రావాలి. కుర్రాళ్ళకి ఇలాగే అలవాటు చేస్తారు."

మిరాన్ ఫోటో తీయించాకే దాన్ని ఆపనిచ్చింది.

ఇది ఒక పెద్ద గేమింగ్ జట్టుకి శిక్షణ టీమ్. పదిమంది కుర్రాళ్ళు చదువులు మానేసి వచ్చి, పై అంతస్తులో పడుకుంటూ ఇక్కడ రోజుకి పన్నెండు గంటలు ఆడతారు. ఆర్నెల్లకోసారి లిస్టు వస్తుంది. ఒకడు ఫస్ట్ టీమ్‌కి వెళ్తాడు, ముగ్గురు ఇంటికి వెళ్తారు. ఆ సాయంత్రమే లిస్టు చదవాలి.

కోచ్ కంప్యూటర్‌లో చివరి ఆట అతని పేరు మీదే ఉంది. మొదలు 11.05, ముగింపు 11.38. గెలుపు. మరణం పదకొండుకీ పన్నెండుకీ మధ్య అని డాక్టర్ చెప్పాడు.

"అంటే 11.38 దాకా మనిషి బతికే ఉన్నాడు" అన్నాడు గుక్.

ఆ లెక్కన మేనేజర్ బాన్ హెరిమ్ చిక్కుల్లో పడింది. ఆవిడ పదకొండు నుంచి 11.38 దాటేదాకా హెడ్డాఫీసుతో వీడియో మీటింగులో ఉంది, నలుగురు సాక్షులున్నారు. ఆ తర్వాత తన గదిలో ఒంటరిగా ఉంది. పైగా ఎవరిని పైకి పంపాలన్న విషయంలో మొన్ననే కోచ్‌తో గొంతు చించుకుని గొడవపడింది.

కుర్రాళ్ళలో తొమ్మిదిమంది పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా జిమ్ కెమెరాలో కనిపిస్తున్నారు. శవాన్ని చూసింది వాళ్ళే. పదోవాడు ఓక్ తేగ్యమ్, పందొమ్మిదేళ్ళు. మణికట్టు నొప్పని ఉండిపోయాడు. 11.40 దాకా నిద్రపోయానన్నాడు. అప్పట్నుంచి వంటింట్లో, అందరూ పిన్ని అని పిలిచే వంటామె పక్కన కూర్చుని సోయా మొలకల తోకలు తుంచాడు. పిన్నీ అదే చెప్పింది.

ఏడు గంటల వార్తల్లోపు ఒకర్ని అరెస్టు చేయాలని పైనుంచి ఒకటే ఫోన్లు. హెరిమ్ ఏడవలేదు.

"గొడవపడ్డాను, నిజమే. కానీ ఆ ముగ్గురి ఇళ్ళకీ ఫోన్ చేయాల్సింది ఆయనా, నేనూ. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదండీ. ఆయన్ని నేనెందుకు చంపుకుంటాను?"

మిరాన్ ఆ మాట నమ్మింది. నమ్మకం కోర్టులో పనికిరాదని ఆమెకి తెలుసు. అందుకే మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ కోచ్ గురించి ఏవేవో చెప్పుకుపోతోంది. కాఫీ ఎంత చేదుగా తాగేవాడో, రెండు ఆపరేషన్లయిన కుడిచేయి చలికాలంలో ఎంత బాధపెట్టేదో.

"ఆ టిక్కుటిక్కు అంటే మహా చిరాకమ్మా ఆయనకి. పిల్లలు ఆట ముగించి లేచారో లేదో, ఠక్కున ఆపేసి వచ్చేవాడు. నేర్పడమే గానీ నాకు అబ్బలేదు పిన్నీ, తల పగిలిపోతోంది, కాఫీ పెట్టు అనేవాడు."

మిరాన్ చేతిలోని పెన్ను ఆగింది.

ఐదు గంటలకి అందరినీ ప్రాక్టీస్ గదిలో కూర్చోబెట్టింది. ఫస్ట్ టీమ్ కోచ్ నామ్‌గుంగ్‌ని కూడా పిలిపించింది. పెద్ద తెర మీద ఆ చివరి ఆట రికార్డింగ్ నడుస్తోంది. మెట్రోనోమ్ ఆన్ చేసింది.

టిక్. తెర మీద చూపు ఒక మూలకి ఎగిరి వెనక్కి వచ్చింది. టిక్. మళ్ళీ ఎగిరింది. ఎక్కడా తప్పలేదు.

"ప్యో ఇలా ఆడేవాడా?" అడిగింది.

"ఆ చేత్తోనా?" అన్నాడు నామ్‌గుంగ్. "పదేళ్ళ కిందట కూడా ఇలా ఆడలేదు."

"కోచ్ ఒక్కడే ఆడుకుంటే ఈ చప్పుడు పెట్టుకోడు" అంది మిరాన్. "కుర్చీలో కూర్చోగానే దీన్ని నొక్కేది ఇక్కడి కుర్రాళ్ళే. 11.05కి ఆడింది కోచ్ కాదు. కాబట్టి అప్పటికే ఆయన దెబ్బ తిని కింద పడి ఉన్నాడు. 11.05కి హెరిమ్ మీటింగులో ఉంది. తొమ్మిదిమంది జిమ్‌లో ఉన్నారు. తేగ్యమ్, నువ్వెక్కడ?"

తేగ్యమ్ మణికట్టు పట్టుకున్నాడు.

"నిద్ర..."

"సాక్షి?"

లేడు. వాడి భుజాలు జారిపోయాయి.

"కోచ్ పిలిచి చెప్పారు, ఇంటికి వెళ్ళే ముగ్గురిలో నా పేరుందని" అన్నాడు మెల్లగా. "పదో తరగతి మానేసి వచ్చాను సర్, ఎక్కడికి పోను అన్నాను. పరీక్ష పెట్టినప్పుడల్లా నీ చేతులు బిగుసుకుపోతున్నాయిరా, నీ వల్ల కాదు అన్నారు. తోశాను. అంతే."

"ఆ తర్వాత?"

"ఆయన అంతకుముందే ఆన్‌లైన్ ఆటకి పేరిచ్చి ఉన్నారు. అప్పుడే మొదలైంది. ఆయన జట్టులో పడ్డ నలుగురు అవతల ఎదురుచూస్తున్నారు. కూర్చున్నాను. లేచాకే తోచింది, ఆయన ఆడినట్టే అనుకుంటారని."

పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ నాలుగింటికే ఫోన్ చేశాడు. దెబ్బ తగిలాక కనీసం అరగంట ఊపిరి ఉందట. ఆ సంగతి వాడికి చెప్పడం మిరాన్‌కి ఇష్టం లేదు. అయినా చెప్పింది.

"వెంటనే అంబులెన్స్ పిలిస్తే బతికేవాడు. నీ వెనకే ఉన్నాడు. మూలుగు వినబడలేదా?"

"వినబడింది."

"మరి?"

వాడు వైట్‌బోర్డు పైన గోడకేసి చూశాడు. అక్కడ కోచ్ చేతిరాతలో ఒక్కటే రూలుంది: ఆట ముగిసేదాకా కుర్చీ వదలకూడదు.

హెరిమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుక్ బేడీలు తీశాడు.

నామ్‌గుంగ్ ఇంకా తెర వంకే చూస్తున్నాడు. "పొద్దున ఈ రికార్డింగ్ ఒక్కటి ఎవరైనా నాకు పంపి ఉంటే," అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తనకే తెలియనట్టు, "ఆడింది ఎవరైనా సరే, పైకి తీసుకునేవాణ్ణి."

తేగ్యమ్ అప్పుడు తలెత్తాడు. వాడి కళ్ళల్లో మొదటిసారి నీళ్ళు తిరిగాయి.

"ఏ నిమిషం దగ్గర నచ్చింది సర్?" అని అడిగాడు.

మిరాన్ వెళ్ళి మెట్రోనోమ్ ఆపేసింది.